దర్భ బొమ్మ, చెక్క బొమ్మ: నాగా కొండల్లో ఏడు రోజులు

1977 నవంబర్ 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో మా తాతయ్య కొట్టుకుపోయాడు. మా ఊరు కోడూరు దగ్గర. శవం దొరకలేదు. వెతికి వెతికి ఇక దొరకదని తేలిపోయాక పురోహితుడు దర్భలతో, మోదుగాకులతో మనిషి బొమ్మ ఒకటి కట్టించాడు. తల ఉండాల్సిన చోట కొబ్బరికాయ పెట్టారు. దానికి పంచె చుట్టి, పాడె మీద పడుకోబెట్టి మోసుకెళ్ళారు. మా నాన్న తలకొరివి పెట్టాడు. పాడె లేపబోయే ముందు మా నాయనమ్మ "ఆగండ్రా" అంటూ వచ్చి, ఆ బొమ్మ రొంటిన రెండు చుట్టలు దోపిందట. నేను అప్పటికి పుట్టలేదు. మా ఇంట్లో ఉప్పెన కథ ఎప్పుడు చెప్పినా గాలి, నీళ్ళ సంగతి రెండు ముక్కల్లో తేల్చేసి, ఆ చుట్టల దగ్గర అందరూ కాసేపు ఆగిపోతారు.

నాగా తెగల్లో కొన్ని చనిపోయినవాళ్ళకు చెక్కతో బొమ్మలు చేసి, బట్టలు కట్టి, పూసలు వేసి నిలబెట్టేవని తెలిసినప్పటి నుంచి ఆ కొండలకు వెళ్ళాలని ఉండేది. 2025 ఫిబ్రవరిలో కుదిరింది. డిసెంబర్‌లో హార్న్‌బిల్ పండగకు వెళ్ళొచ్చు కదా అన్నారు మిత్రులు. నాకు కావాల్సింది పండగ కాదు మరి.

మొదటి రోజు: దిమాపూర్

హైదరాబాద్ నుంచి కోల్‌కతా, అక్కడి నుంచి దిమాపూర్. నాగాలాండ్‌లో అడుగుపెట్టాలంటే మనవాళ్ళకైనా ఇన్నర్ లైన్ పర్మిట్ ఉండాలి. ఆన్‌లైన్‌లో ముందే తీసుకున్నాను. సాయంత్రం ఊరి మధ్యలో ఉన్న కచారీ శిథిలాలకు వెళ్ళాను. పుట్టగొడుగుల్లా, చదరంగం పావుల్లా చెక్కిన నిలువెత్తు రాళ్ళు వరసగా ఉన్నాయి. ఇవి నాగాలవి కావు, కచారీ రాజులవి. ఈ మట్టిలో రాయి నిలబెట్టే అలవాటు ఒక్క తెగతో మొదలవలేదని మాత్రం అర్థమైంది. ఐదు దాటేసరికి చీకటి పడింది. అన్నం తిని పడుకున్నాను.

రెండో రోజు: కోహిమా

కోహిమాకు 74 కిలోమీటర్లు. షేర్ సుమోలో వెనక సీటు దొరికింది. దుమ్ము, మలుపులు, మళ్ళీ దుమ్ము.

స్టేట్ మ్యూజియంలో ఒక్కో తెగ ఇల్లు, బట్టలు, ఆయుధాలు విడివిడిగా పెట్టారు. చెక్కిన స్తంభాల ముందు ఎక్కువసేపు నిలబడ్డాను. మిథున్ అనే కొండ పశువు తల, మనిషి తల పక్కపక్కనే చెక్కి ఉన్నాయి. విందు పెట్టినవాడి గొప్ప ఒకటి, వేటాడినవాడి గొప్ప ఇంకొకటి. నాకు కావాల్సిన బొమ్మల గురించి అడిగితే అక్కడున్నాయన నవ్వి, "సమాధి బొమ్మలు చూడాలంటే ఇంగ్లండ్ వెళ్ళాలి సార్" అన్నాడు. వేళాకోళం అనుకున్నాను. నిజమేనని తర్వాత తెలిసింది.

మధ్యాహ్నం వార్ సిమెట్రీ. 1944 ఏప్రిల్ నుంచి జూన్ దాకా జపాన్ సైన్యానికి, బ్రిటిష్ ఇండియా సైన్యానికి ఇక్కడ యుద్ధం జరిగింది. జిల్లా అధికారి బంగళా టెన్నిస్ కోర్టుకు అటు వాళ్ళు, ఇటు వీళ్ళు నిలబడి కొట్టుకున్నారు. ఆ కోర్టు గీతలు ఇప్పటికీ కాపాడుతున్నారు. 1,420 సమాధులు మెట్లు మెట్లుగా కొండ దిగుతాయి. పైన ఇంకో స్మారకం ఉంది. దహనం చేసిన 917 మంది హిందూ, సిక్కు సైనికులది. వాళ్ళకు సమాధుల్లేవు, పేర్లే ఉన్నాయి. కింద సమాధుల దగ్గర సెల్ఫీలు తీసుకుంటున్న గుంపు అక్కడికి రాలేదు. ఒళ్ళు లేని పేరు దగ్గర ఎవరూ ఎక్కువసేపు నిలబడలేరేమో. నాయనమ్మ బొమ్మ రొంటిన చుట్టలు ఎందుకు దోపిందో అక్కడ కొంచెం తెలిసినట్టనిపించింది.

మూడో రోజు: ఖొనోమా

కోహిమా నుంచి సుమారు 20 కిలోమీటర్లు. అంగామీ అనే నాగా తెగ ఊరు. 1879లో బ్రిటిష్ పొలిటికల్ అధికారి డామంట్‌ను ఈ ఊరి ద్వారం దగ్గరే చంపారు. ఆ తర్వాత నెలల తరబడి ముట్టడి జరిగింది. నాగా ఉద్యమ నాయకుడు ఫిజోది కూడా ఈ ఊరే. ఇంత కోపిష్టి చరిత్ర ఉన్న ఊరు 1998లో వేట మానేసి అడవిని కాపాడుకుంటోంది. మెట్ల పొలాల గట్ల మీద ఆల్డర్ చెట్లు మొండేలుగా నరికి ఉన్నాయి. మళ్ళీ చిగురిస్తాయట.

ఒక ఇంట్లో బస. ఇంటాయనకు డెబ్బై దాటి ఉంటాయి. అంకుల్ అనే పిలిచాను, ఇక్కడ అందరూ అలాగే పిలుస్తారు. ఆయనతో ఊళ్ళోకి బయల్దేరాను. చెక్కిన తలుపున్న ద్వారాలను ఖారు అంటారు. ఒక్కో పేటకు ఒక్కోటి. పైకి ఎక్కుతుంటే ఆయాసం వచ్చింది. దారి పక్కన నున్నటి రాళ్ళతో కట్టిన గుండ్రటి అరుగు కనిపిస్తే కూర్చోబోయాను. పక్కనే రాతి మీద పేరు, తేదీ ఉన్నాయి. చటుక్కున లేచాను.

"కూర్చో బాబూ. కూర్చోడానికే కట్టారు" అన్నాడు అంకుల్.

"సమాధి కదండీ?"

"అందుకే కట్టారు. నువ్వు కూర్చుంటే ఆయన పక్కన కాసేపు మనిషి ఉన్నట్టు."

పూర్వం అంగామీలు చనిపోయినవాళ్ళను ఊరి బయటికి తీసుకెళ్ళేవాళ్ళు కాదు. ఇంటి ముందో, ఊళ్ళో దారి పక్కనో పాతిపెట్టి పైన రాళ్ళు పేర్చేవాళ్ళు. పొలం నుంచి బరువు మోసుకొచ్చేవాళ్ళు అక్కడ దించుకుంటారు, పిల్లలు ఆడుకుంటారు, ముసలివాళ్ళు ఎండ కాగుతారు. మా ఊళ్ళో శ్మశానం చెరువు కట్ట అవతల. అటు వెళ్ళొచ్చినవాడు తలస్నానం చేయకుండా గడప తొక్కకూడదు. అందుకని కూర్చున్నా నాకు ఒళ్ళంతా ఇబ్బందిగానే ఉంది. ఒక ముసలావిడ వచ్చి అదే అరుగు మీద, నా పక్కన, ఆకుకూర కట్టలు విప్పి ఏరడం మొదలుపెట్టింది. ఆవిడ వంక చూస్తూ చూస్తూ మామూలు మనిషినయ్యాను.

బొమ్మల సంగతి ఆ అరుగు మీదే విన్నాను. పేరున్న మనిషి పోతే సమాధి మీద అతని పోలికతో చెక్క బొమ్మ నిలబెట్టేవాళ్ళు. పోలిక అంటే ముక్కూ మొహం కాదు. అతని దుప్పటి, అతని పూసల దండ, అతని చెవుల అలంకారం, అతని ఈటె ఉంటే చాలు, ఊళ్ళో ఎవరైనా గుర్తుపడతారు. చనిపోయినవాడు వెళ్ళే దారి ఇరుకు. ఆ దారిలో మెత్సిమో అనే ఆత్మ అడ్డం నిలబడుతుంది. దానితో పెనుగులాడి గెలిస్తేనే పైకి. అందుకే గోతిలో ఆయుధాలు పెట్టేవాళ్ళు. మన వైతరణి దగ్గర గోవు తోక పట్టుకుని దాటేస్తాం. అంగామీ మాత్రం కుస్తీ పట్టాలి.

ఆ సాయంత్రం పొయ్యి చుట్టూ కూర్చుని గల్హో తాగుతున్నాం. అన్నం, ఆకుకూర, మాంసం కలిపి వండే జావ అది. చలికి ప్రాణం లేచొచ్చింది. అప్పుడే మా తాతయ్య బొమ్మ కథ చెప్పాను. కొబ్బరికాయ తల, చుట్టలు, అన్నీ చెప్పాను. అంకుల్ ఆసక్తిగా వింటూ, "ఎలా పోయాడన్నావు?" అని మళ్ళీ అడిగాడు.

"నీళ్ళలో."

ఆయన పొయ్యిలోకి చూస్తూ ఉండిపోయాడు. ఆంటీ ఏదో అంగామీలో అంది. కాసేపటికి చెప్పాడు. నీళ్ళలో మునిగి, చెట్టు మీంచి పడి, పులి నోట పడి, పురిట్లో పోయిన చావులు వేరు. నాగా తెగల ఉమ్మడి భాష నాగామీస్‌లో 'అపోతియా' అంటారు. ఒక్క అంగామీల్లోనే కాదు, నాగా తెగలన్నిటికీ ఆ చావంటే భయం. అలా పోయినవాళ్ళకు మామూలు కర్మ ఉండదు. ఊళ్ళో చోటివ్వరు. బొమ్మ మాట అసలే లేదు. ఒక్కోచోట ఆ ఇల్లు, ధాన్యం, సామాను అన్నీ వదిలేసి కుటుంబం కట్టుబట్టలతో బయటికి రావాలి. ఆ దురదృష్టం ఇంకొకరికి అంటకూడదని.

"ఇప్పుడు లేదు. చర్చి వచ్చాక అందరికీ ఒకటే ప్రార్థన" అని వెంటనే కలిపాడు, నేను బాధపడతానని కాబోలు.

మనకూ 'దుర్మరణం' అనే మాట ఉంది కదా. దానికి వేరే శాంతులు, వేరే బలులు ఉన్నాయి. కాకపోతే మనవాళ్ళు ఖర్చుతో సరిపెట్టారు. ఇక్కడైతే మా తాతయ్యతో పాటు మా నాయనమ్మ పొయ్యి కూడా ఆరిపోయేది. చాలాసేపు నిద్ర పట్టలేదు.

నాలుగో రోజు: ఒక చావు ఇల్లు

పొద్దున కోహిమాకు తిరిగి వస్తుంటే దారిలో ఒక ఊరి దగ్గర బండి ఆగింది. డ్రైవర్‌కు తెలిసినవాళ్ళ ఇంట్లో పెద్దావిడ పోయింది, కనపడి వెళ్ళాలన్నాడు. నన్నూ రమ్మన్నాడు.

2011 లెక్కల ప్రకారం నాగాలాండ్‌లో 88 శాతం మంది క్రైస్తవులు. 1870లలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లార్క్ ఆవో తెగ గ్రామాల్లో మొదలుపెట్టింది ఇది. అయినా ఆ ఇంట్లో చూసిందంతా చర్చిదే అనలేను. శవపేటిక మీద దుప్పట్లు ఒకదాని మీద ఒకటి కప్పుతున్నారు. వచ్చిన బంధువు తెచ్చిన ఎర్ర, నల్ల నేత దుప్పటి పరిచి పక్కకు జరుగుతాడు, ఇంకొకరు వస్తారు. గొయ్యి ఇంటి పెరట్లోనే. తవ్వుతున్నది ఊరి కుర్రాళ్ళు, కూలికి కాదు. ఆ రోజు ఊళ్ళో ఎవరూ పొలానికి వెళ్ళలేదు. చావు రోజున పని చేయకూడదన్న నిషేధం చర్చి కంటే పాతది. రాత్రంతా పాడారట, గొంతులు పోయినా పాడుతూనే ఉన్నారు. నాలుగు శ్రుతుల్లో, పుస్తకం చూడకుండా.

పెరట్లో పంది మాంసం ఉడుకుతోంది. నాకూ ఆకులో అన్నం పెట్టారు. మన దగ్గర శవం లేచేదాకా పొయ్యి వెలిగించం, ఇరుగుపొరుగు కూడా తినరు. నేను తటపటాయించడం చూసి పెట్టిన ఆమె మొహం చిన్నబోయింది. డ్రైవర్ గొంతు తగ్గించి, "తినకపోతే ఆవిడ పెట్టింది వద్దన్నట్టు" అన్నాడు. ఆవిడంటే వడ్డించిన ఆమె కాదు, పేటికలో ఉన్నావిడ. తిన్నాను.

రాత్రి బసలో ఉఖ్రుల్ నుంచి వచ్చిన తాంగ్‌ఖుల్ టీచర్ ఒకావిడ పరిచయమైంది. మణిపూర్ నాగాలు వాళ్ళు. ఆవిడ చెప్పింది విన్నాక చెక్క బొమ్మలు చిన్నవైపోయాయి. వాళ్ళ పాత ఆచారం కథి కషామ్. ఏడాదిలో చనిపోయిన వాళ్ళందరినీ కలిపి ఒకేసారి సాగనంపే పండగ, రోజుల తరబడి సాగేది. ఒక్కో ఇంటివాళ్ళు తమవాడి పోలికలున్న మనిషిని ఎంచుకుంటారు. పండగ అయ్యేదాకా ఆ మనిషే చనిపోయినవాడు. అతనికి ఇష్టమైనవి వండి పెడతారు, అతని బట్టలు కడతారు, చెప్పాల్సినవి చెప్పుకుంటారు, ఏడుస్తారు. చివరి రాత్రి పైన్ కట్టెల దివిటీలు పట్టుకుని ఊరి పొలిమేర దాకా వెళ్ళి, చనిపోయినవాళ్ళ లోకమైన కజైరామ్ దారిలో వదిలి వస్తారు. చీకట్లో ఎదురు కొండ మీద దివిటీల వరస కదలడం కనిపించేదని పెద్దవాళ్ళు చెప్పుకునేవాళ్ళట. 1896లో అక్కడికి వచ్చిన మిషనరీ పెటిగ్రూ దీన్ని చూసి వివరంగా రాశాడు. దాన్ని మాన్పించిన మతాన్ని తెచ్చిందీ ఆయనే.

"మా అమ్మమ్మ చిన్నప్పుడు, పోయిన వాళ్ళ అన్నగా పక్క పేట అబ్బాయి వచ్చాడట" అంది టీచర్. "అన్న అప్పు పడ్డ కత్తి తిరిగి ఇవ్వలేదని ఆ అబ్బాయితో దెబ్బలాడిందట మా అమ్మమ్మ."

ఐదో రోజు: బండ్ల మీద

రాయడానికి ఏమీ లేదు. దిమాపూర్ దిగి, రైల్లో సిమలుగురి, అక్కడి నుంచి సోనారి. మోన్ వెళ్ళే సుమో పొద్దున్నే నిండి వెళ్ళిపోయిందన్నారు. ముందురోజు ఫోన్‌లో సీటు ఖాయమని డబ్బులు పుచ్చుకున్నాయన ఆ ఫోనే ఎత్తలేదు. సోనారిలో పడక, దోమలు, టెన్షన్.

ఆరో రోజు: మోన్, లోంగ్వా

కొన్యాక్ అనే నాగా తెగ జిల్లా ఇది. 2021 డిసెంబర్‌లో ఇక్కడి ఓటింగ్ గ్రామం దగ్గర సైనికుల కాల్పుల్లో బొగ్గు గని కూలీలు చనిపోయారు. ఆ ఏడాది హార్న్‌బిల్ పండగను మధ్యలోనే ఆపేశారు. సుమోలో ఆ మాట ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఓటింగ్ వైపు దారి చీలే చోట డ్రైవర్ పాట కట్టేసి, దాటాక మళ్ళీ పెట్టాడు.

మోన్ నుంచి లోంగ్వా 42 కిలోమీటర్లు. ఆంఘ్ అంటే రాజు. ఆయన ఇంటి మధ్య నుంచి భారత్, మయన్మార్ సరిహద్దు పోతుంది. నా ఫోన్ ఉన్నట్టుండి గంట ముందుకు జరిగింది, అవతలి దేశం టవర్ పట్టుకుని. మొహం నిండా పచ్చబొట్లున్న తాత ఒకాయన ఫొటోకు డబ్బులడిగాడు. ఇచ్చాను. తప్పనిపించలేదు. ఆయన మొహం కోసమే కదా అందరం అంత దూరం వస్తున్నది.

వచ్చే టూరిస్టులందరూ అడిగేది పుర్రెల గురించే. ఇక్కడ ఒక పెద్ద గందరగోళం ఉంది. శత్రువు పుర్రె వేరు, పెద్దల పుర్రె వేరు. శత్రువు తలలు మగవాళ్ళ వసతి గృహమైన మొరుంగ్‌లో ఉండేవి. క్రైస్తవం వచ్చాక చాలా ఊళ్ళు వాటిని పూడ్చిపెట్టాయి. సొంతవాళ్ళ తలలది ఇంకో కథ. అది రేపటి ఊళ్ళో.

ఏడో రోజు: వాక్చింగ్

ఈ ఊరి పేరు నాకు ఆదిలాబాద్ అడవుల వల్ల తెలుసు. మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ అంటే మనవాళ్ళకు ఆదిలాబాద్‌లోని మార్లవాయి గోండుల మనిషి. ఆయన మన దగ్గరికి రాకముందు, 1936-37లో ఈ వాక్చింగ్‌లో కొన్యాక్‌ల మధ్య ఉన్నాడు. తర్వాత రెండో ప్రపంచ యుద్ధం రావడంతో శత్రుదేశం పాస్‌పోర్టు ఉన్న కారణంగా నిజాం రాజ్యంలో ఉండాల్సి వచ్చింది. అలా చెంచులు, కొండరెడ్లు, గోండులు ఆయనకు దొరికారు, ఆయన వాళ్ళకు దొరికాడు.

ఆయన రాసిపెట్టిన వాక్చింగ్ చావు ఇలా ఉండేది. శవాన్ని ఊరి బయట వెదురు మంచె మీద పడుకోబెడతారు. ఆరో రోజున తలను వేరు చేసి, శుభ్రం చేసి, రాతి తొట్టిలోనో రాతి కుండలోనో పెడతారు. మూడేళ్ళ పాటు పండగ పండగకూ ఆ పుర్రెకు అన్నం, బియ్యపు కల్లు పెడతారు. కొన్యాక్ ఊళ్ళలో చెక్క బొమ్మ కూడా ఉండేది. కొన్నిచోట్ల పుర్రెను బొమ్మ తల మీద ఆనించేవాళ్ళని బ్రిటిష్ అధికారి హట్టన్ రాశాడు, తలలో ఉన్న ప్రాణం బొమ్మలోకి దిగడానికి. ఆ తర్వాత బొమ్మ ఎండకు ఎండి, వానకు తడిసి, పుచ్చి మట్టిలో కలిసిపోయేది. ఎవరూ బాగుచేయరు. అందుకే ఊళ్ళలో పాత బొమ్మలు లేవు. పుచ్చిపోకుండా మిగిలినవన్నీ ఎవరో పట్టుకుపోయినవే. ఆక్స్‌ఫర్డ్ పిట్ రివర్స్ మ్యూజియంలో నాగా వస్తువులు వేలల్లో ఉన్నాయి, మనుషుల ఎముకలతో సహా. వాటిని ఇంటికి తెచ్చుకునే ప్రయత్నాలు ఇప్పుడు నడుస్తున్నాయి. నేను వెళ్ళడానికి నాలుగు నెలల ముందే ఇంగ్లండ్‌లో కొమ్ములు కట్టిన నాగా పుర్రెను వేలానికి పెడితే, ముఖ్యమంత్రి నెయిఫియు రియో విదేశాంగ మంత్రికి లేఖ రాశాడు. గొడవ పెద్దదయ్యాక వేలం జాబితా నుంచి తీసేశారు.

ఊళ్ళో మంచెలు లేవు. సిమెంటు సమాధులు, శిలువలు. ఒక కొత్త సమాధి దగ్గర మాత్రం చాలాసేపు నిలబడ్డాను. మట్టి ఇంకా తడిగానే ఉంది. పైన వెదురు బుట్ట, ఒక టోపీ, తెరిచి పాతిన నల్ల గొడుగు. గొడుగు ఊచ ఒకటి విరిగితే దారంతో కట్టి ఉంది. పాతాక కట్టారో, ఆ మనిషే బతికుండగా కట్టుకున్నాడో.

తోడొచ్చిన కుర్రాడు ఒక అవ్వ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఎనభై ఐదు దాటి ఉంటాయి. "ఆపుని కోత్ పరా ఆహిసే?" అని నాగామీస్‌లో అడిగింది, ఎక్కడి నుంచి వచ్చావని. లాల్ చాయ్ ఇచ్చింది. నేను ఫోన్‌లో మార్లవాయి ఫొటో చూపించాను. హైమెన్‌డార్ఫ్ భార్య బెట్టీ ఎలిజబెత్ 1987లో హైదరాబాద్‌లో పోతే ఆమెను మార్లవాయిలోనే సమాధి చేశారు. పక్కనే ఆయన సమాధి. ఎప్పుడో మీ ఊళ్ళో ఉన్న తెల్లాయన అని కుర్రాడి చేత చెప్పించాను. ఆయనెవరో అవ్వకు తెలియదు. ఫొటోను మాత్రం దగ్గరగా పెట్టుకుని చూసింది.

"వీళ్ళ పిల్లలు ఆ ఊళ్ళోనే ఉన్నారా?"

"లేరు అవ్వా. గోండులే చూసుకుంటారు. ప్రతి జనవరి 11న అందరూ చేరతారు."

తల ఊపింది. నాకు అంతటితో ఊరుకోబుద్ధి కాలేదు. మా తాతయ్య దర్భ బొమ్మ సంగతీ చెప్పాను. ఖొనోమా అనుభవంతో నీళ్ళలో పోయాడని చెప్పకుండా దాటేద్దామనుకున్నాను, కుర్రాడు ఆ ముక్క ముందే అనేశాడు. అవ్వ ఏమీ జంకలేదు. కొబ్బరికాయ తల దగ్గర నవ్వింది. చుట్టల దగ్గర నవ్వు ఆపింది.

"ఎన్నేళ్ళు అన్నం పెట్టారు?" అని అడిగింది.

"పన్నెండు రోజులు. తర్వాత ఏడాదికోసారి తద్దినం."

కుర్రాడు చెప్పడం పూర్తికాకముందే అవ్వ గ్లాసు కింద పెట్టి, వేళ్ళు మడిచి లెక్కపెట్టి, నా వంక జాలిగా చూసింది.

"ఏడాదికోసారా? ఆకలెయ్యదూ?"